బిగుసుకున్న వాచీ కీ

పోయిన సంచికలో మిక్సీ జారు అడుగున నీరు కారడం గురించి రాస్తే నలుగురైదుగురు ఫోను చేసి "మా ఇంట్లోనూ ఇదే తంతండీ" అన్నారు. ఒకావిడ మాత్రం "మీరు బ్యాంకులో పనిచేస్తారా, సామాన్లు బాగుచేస్తారా?" అని నిలదీశారు. బ్యాంకులోనే నండీ. కాకపోతే ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ లెక్కలు సరిచూసినవాడికి ఇంట్లో ఏదైనా సరిగా లేకపోతే చేతులు ఊరుకోవు. ఊరుకోని చేతుల వల్ల జరిగే నష్టం ఎంతో మా ఆవిడని అడగాలి. ఈసారి చెప్పబోయేది ఆ నష్టం అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన కథ.

మా తమ్ముడి కొడుక్కి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. బొమ్మనహళ్ళిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో మొదలైనప్పటి నుంచి పొద్దున్నే అదెక్కి వెళ్ళిపోతాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తూ వాళ్ళమ్మ ఇచ్చిన చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో వాళ్ళ నాన్న చేతి వాచీ ఉంది.

మా తమ్ముడు ఇరవై ఏళ్ళకి పైగా మస్కట్‌లో ఎలక్ట్రీషియనుగా పనిచేశాడు. సముద్రం పక్కన, ఎండలో ఒళ్ళు కాల్చుకున్న మనిషి. 2000లో సెలవుకి వచ్చినప్పుడు ఈ వాచీ చేతికి ఉంది. జపాను తయారీ, స్టీలుది, మంచి బరువు. బ్యాటరీ అక్కర్లేదు. చెయ్యి కదులుతుంటే దాని స్ప్రింగు అదే చుట్టుకుంటుంది. "తీసుకో అన్నయ్యా, నేను ఇంకోటి కొనుక్కుంటాను" అన్నాడు. "నాకెందుకురా, నాన్న హెచ్ఎంటీ ఉందిగా" అన్నాను. 2021 మే నెలలో కరోనా వాణ్ణి తీసుకుపోయింది. వాచీ బీరువాలో అలాగే ఉండిపోయింది.

కుర్రాడు దాన్ని చేతికి పెట్టుకుని నాలుగుసార్లు ఊపగానే సెకన్ల ముల్లు కదిలింది. మా ఆవిడ చేస్తున్న పని వదిలేసి వచ్చి చూసింది. అయితే టైము తప్పు, తేదీ తప్పు. సరిచేద్దామని కీ లాగితే రాదు, తిప్పితే తిరగదు. వాచీ నడుస్తోంది గానీ తప్పు టైములో నడుస్తోంది. దాన్ని దిద్దే దారి ఒక్కటే, ఆ దారి మూసుకుపోయింది. దగ్గర్లో ఒక పెద్ద షోరూముకి తీసుకువెళితే "పాత మోడలు సార్, దీనికి విడిభాగాలు దొరకవు, కొత్తది చూపించమంటారా?" అన్నారట. "ఫర్లేదు పెదనాన్నా, టైము ఫోన్లో చూసుకుంటాలే" అని అదే పెట్టుకుని మర్నాడు ఆఫీసుకి వెళ్ళాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ముందు ఈ కీ సంగతేమిటో చూద్దాం. మనం వాచీ కీ అనే ఆ చిన్న బొడిపెని ఇంగ్లీషువాళ్ళు క్రౌన్, అంటే కిరీటం అంటారు. దాని వెనక సన్నని ఉక్కు కాడ ఉంటుంది. ఆ కాడ వాచీ గోడలోని చిన్న గొట్టం గుండా వెళ్ళి లోపలి మిషను పళ్ళచక్రాలకి తగులుతుంది. కీ తిప్పితే స్ప్రింగు చుట్టుకోవడం, లాగి తిప్పితే ముళ్ళు కదలడం ఈ కాడ చేసే పనే. మామూలు వాచీల్లో కీని ఊరికే నొక్కితే లోపలికి, లాగితే బయటికి. కొన్నిటిలో మాత్రం ఆ గొట్టం బయటివైపున, కీ లోపలివైపున మరలు కోసి ఉంటాయి. టైము దిద్దడం అయ్యాక కీని లోపలికి నొక్కి, సీసా మూత బిగించినట్టు తిప్పి బిగించాలి. అప్పుడు లోపలున్న రబ్బరు వాషరు నొక్కుకుని, నీళ్ళూ దుమ్మూ పోయే సందు మూసుకుపోతుంది. వాడలేకపోతే మూత, వాడగలిగితే తాళంచెవి. రెండు పనులూ ఆ ఒక్క బొడిపెవే.

దీని చరిత్రలో ఒక సరదా ఘట్టం ఉంది. 1926లో రోలెక్స్ సంస్థ ఇలా మరతో బిగించే కీ ఉన్న వాచీని 'ఆయిస్టర్' అనే పేరుతో తెచ్చింది. ఆయిస్టర్ అంటే ఆల్చిప్ప. నోరు మూసుకుంటే నీటిచుక్క లోపలికి పోదని భావం. చెబితే నమ్మేదెవరు? 1927 అక్టోబరు 7న మెర్సిడిస్ గ్లైట్జ్ అనే టైపిస్టు అమ్మాయి ఇంగ్లీషు ఛానల్ ఈది, ఆ పని చేసిన మొదటి బ్రిటిష్ మహిళ అయింది. నాలుగు రోజులకే ఇంకొకావిడ తానూ ఈదానని చెప్పుకుని, అది బూటకమని తర్వాత ఒప్పుకుంది. దాంతో గ్లైట్జ్ ఈత మీద కూడా జనానికి అనుమానం వచ్చింది. పాపం ఆ అమ్మాయి అక్టోబరు 21న మళ్ళీ ఆ చన్నీళ్ళలోకి దిగింది. ఈసారి మెడలో రోలెక్స్ వాచీ. పది గంటలకి పైగా ఈదాక చలికి ఒళ్ళు సహకరించక, గట్టు చేరకుండానే పడవలోకి ఎక్కించారు. మనిషి ఆగింది గానీ వాచీ ఆగలేదు. కంపెనీవారు ఆ సంగతిని పత్రిక మొదటి పేజీ నిండా ప్రకటించుకున్నారు. ఆ తరవాత లోతు నీళ్ళలో దిగేవాళ్ళ కోసం చేసే వాచీలకి ఈ మర కీ దాదాపు ఆనవాయితీ అయింది. మా తమ్ముడిదీ ఆ జాతి వాచీయే. వెనక మూత మీద 200 మీటర్లు అని చెక్కి ఉంది.

వాచీల మాట వస్తే మన బొమ్మనహళ్ళి సామాన్యమైన చోటు కాదండోయ్. ఊరికి ఉత్తరాన ఉన్న జాలహళ్ళిలో 1961లో హెచ్ఎంటీ వాళ్ళు జపాను సిటిజన్ సంస్థ సహకారంతో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. జనతా, పైలట్, సోనా, కాంచన్ అనే పేర్లు వింటే మన వయసువాళ్ళకి ఒక్కొక్క మేనమామ గుర్తొస్తాడు. దక్షిణాన ఇదే హోసూరు రోడ్డు పట్టుకుని 30 కిలోమీటర్లు వెళితే హోసూరు. 1984లో టాటాలూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి పెట్టిన టైటాన్ కంపెనీ ఫ్యాక్టరీ అక్కడిదే. ఆ రెండిటి మధ్య దారిలో మనం కాపురం ఉంటున్నాం. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇప్పుడు జాలహళ్ళిలో ఆ పాత వాచీలని హెరిటేజ్ సెంటరులో అద్దాల వెనక చూసుకోవాలి. పిల్లల్ని ఒకసారి తీసుకువెళ్ళండి.

మా నాన్నగారిది 17 రాళ్ళ హెచ్ఎంటీ జనతా. అనంతపురం జిల్లాలో బడిపంతులు. రోజూ పొద్దున రేడియోలో సంస్కృత వార్తలు మొదలయ్యే వేళకి కిటికీ దగ్గర నిలబడి, వాచీ చేతిలో పట్టుకుని కీ ఇచ్చేవారు. ఇరవై, పాతిక చుట్లు. చివర్లో స్ప్రింగు బిగువు వేలికి తెలిసిపోతుంది, అక్కడ ఆపేసేవారు. నేనూ తమ్ముడూ పోటీపడి అడిగినా ఆ పని మాకిచ్చేవారు కాదు. ఆ వాచీ ఇప్పటికీ నా దగ్గర నడుస్తోంది. దాని కీ ఒక్కనాడూ బిగుసుకోలేదు. నీళ్ళు పడితే చెడిపోయే సాదా కీ అది. అయినా రోజూ ఒక చెయ్యి దాని మీద పడుతూనే ఉంది.

నీళ్ళకి భయపడని తమ్ముడి వాచీ కీ ఎందుకు బిగుసుకుంది మరి? కారణం అదే. దాన్ని ముట్టుకునే పని లేదు. చేతికి ఉన్నంత కాలం దానంతటదే నడుస్తుంది, నెలకోసారి తేదీ దిద్దితే చాలు. ఈ లోపు చెమట, సబ్బు, సముద్రపు ఉప్పు, ఒంటి మురికి కలిసి ఆ మరల సందుల్లో చేరతాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. లోపలి రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి లోహానికి అంటుకుపోతుంది. గొట్టం ఒక లోహం, కీ ఇంకో లోహం అయితే ఉప్పునీటి తడికి ఆ రెండిటి మధ్య తినివేత మొదలవుతుంది. వీటికి తోడు కొందరు 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటూ బలం కొద్దీ బిగిస్తారు. ఒక్కోసారి మర వంకరగా పట్టుకుని, అలాగే బిగిసిపోతుంది. బ్యాంకులో మాకు ఒక లెక్క ఉంది. ఖాతాదారు రెండేళ్ళకి మించి ఖాతాలో ఏ లావాదేవీ చెయ్యకపోతే దాన్ని నిద్రాణం అంటాం. డబ్బు ఎక్కడికీ పోదు, భద్రంగానే ఉంటుంది. తియ్యాలంటే మాత్రం మళ్ళీ కాగితాలూ సంతకాలూ తప్పవు. ఈ వాచీది సరిగ్గా ఆ పరిస్థితి.

ఇక నా ఘనకార్యం. ఒక ఆదివారం కుర్రాడు స్నేహితులతో బయటికి వెళ్ళగానే వాచీ ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం వాడు వచ్చేసరికి సరైన టైముతో చేతిలో పెట్టాలని నా ఆశ. వెనక మూత మీద అక్షరాలు చదవడానికి వాచీని బోర్లా తిప్పుకున్నాను. చదివి, అలాగే పట్టుకుని, కీ మీద వేలు వేసి నావైపుకి గట్టిగా తిప్పాను. కదల్లేదు. గుడ్డ చుట్టి తిప్పాను. వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది. సంతోషం పట్టలేక కటింగ్ ప్లేయరు తెచ్చాను. దాని నోటికి గుడ్డ చుట్టి కీని పట్టుకున్నాను కూడా. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "ఏమండీ, అది విరిగితే పిల్లాడికి ఏం చెబుతారు?" అంది. కేక వెయ్యలేదు, మామూలుగానే అంది. నేను కటింగ్ ప్లేయరు కింద పెట్టేశాను. అప్పుడు చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి.

ఆ తరవాత వాచీని వెల్లకిలా తిప్పి చూసుకుంటే అసలు సంగతి బోధపడింది. అంతసేపూ నేను కీని విప్పడం లేదు, ఇంకా బిగిస్తున్నాను. ఆ వెంట్రుకవాసి కదలిక బిగింపు వైపు కదలిక. ముప్ఫై ఏళ్ళుగా డెబిట్‌కీ క్రెడిట్‌కీ తేడా చూసుకుంటున్న మనిషిని.

కాబట్టి మొట్టమొదటి పాఠం దిక్కు. వాచీని డయలు పైకి ఉండేలా బల్ల మీద పెట్టుకోండి. 12 అంకె మీకు దూరంగా, 6 అంకె మీకు దగ్గరగా ఉండాలి. కీ కుడివైపు వస్తుంది. కీకి డయలు వైపున్న ముఖం మీద వేలు వేసి 12 నుంచి 6 వైపుకి, అంటే మీవైపుకి తిప్పితే విప్పినట్టు. మీ నుంచి దూరంగా తిప్పితే బిగించినట్టు. వాచీని బోర్లా తిప్పితే ఇది తారుమారవుతుంది. నేను పడింది ఆ గోతిలోనే. కీ వైపు నుంచి సూటిగా చూస్తే ఇంకా తేలిక. సీసా మూత ఎటు తిప్పితే వస్తుందో ఇదీ అటే.

రెండో పాఠం పట్టు. బిగుసుకున్న కీల్లో చాలాభాగం నిజంగా అతుక్కుపోయినవి కావు, వేళ్ళు జారిపోవడం వల్ల తిరగనివి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు గానీ, పాత సైకిలు ట్యూబు ముక్క గానీ కీ చుట్టూ వేసి పట్టుకుంటే పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తిప్పేటప్పుడు కీని మెల్లగా లోపలికి అదిమి తిప్పాలి. విప్పాలంటే బయటికి లాగాలి కదా అనిపిస్తుంది, కానీ లాగకూడదు. లోపలి రబ్బరూ స్ప్రింగూ కీని బయటికి నెడుతూ మరల మీద బరువు వేస్తుంటాయి. కాస్త అదిమితే ఆ బరువు తగ్గి మర వదులవుతుంది.

మూడోది నానబెట్టడం. ఉప్పుని కరిగించేది నీళ్ళే. అయితే పాతికేళ్ళ వాచీని గిన్నెలో ముంచకండి. వెనక మూత మీద 200 మీటర్లని రాసి ఉన్నది కొత్తలో మాట. రబ్బరు ఎండిన వాచీకి ఆ హామీ చెల్లదు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపి, దూది ముంచి, పిండి, కీ మొదలు చుట్టూ చుట్టండి. తడి లోపలికి దిగకుండా కీ కిందికి ఉండేలా వాచీని నిలబెట్టండి. ఓ పావుగంటయ్యాక మెత్తని పాత టూత్‌బ్రష్షుతో కీ మొదట్లో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ప్రయత్నించండి. మనవైపు బోరు నీళ్ళు వద్దు. ఆ నీళ్ళు బకెట్టుకి తెల్లని గార కట్టడం చూస్తూనే ఉన్నాం, వాచీ మరలకి అదెందుకు? తాగే నీళ్ళు వాడండి.

కుర్రాడికి జరిగినదంతా చెప్పేశాను, కటింగ్ ప్లేయరుతో సహా. వాడు నవ్వి, "నాన్నయితే ఈపాటికి సుత్తి కూడా తెచ్చేవాడు" అన్నాడు. వాళ్ళ నాన్న పోయాక మా ఇంట్లో ఆయన పేరు చెప్పి ఎవరైనా నవ్వడం అదే మొదలు. రెండు రాత్రులు ఇద్దరం కూర్చుని ఈ నానబెట్టే పని చేశాం. దూదికి గోధుమరంగు మురికి వచ్చింది గానీ కీ రాలేదు. మూడోరోజు ఇక పనివాడి దగ్గరికి వెళ్ళాలని తీర్మానించుకున్నాం.

బేగూరు రోడ్డు వైపు ఒక చిన్న బంకులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. కుప్పం దగ్గరి మనిషి, మన భాషే. కంటికి భూతద్దం తగిలించుకుని ఒక్క క్షణం చూసి, "ఎటు తిప్పినారు సార్?" అని అడిగాడు. చెప్పాను. ఏమీ అనకుండా తల ఊపాడు. అనకపోవడం ఆయన మర్యాద.

ఆయన చేసింది చూశాను, మీకూ చెబుతాను, కానీ ఇది ఇంట్లో చేసే పని కాదు. సూది మొన మీద తుప్పు వదిలించే నూనె ఆవగింజంత తీసుకుని కీ మొదలు చుట్టూ తాకించాడు. రాత్రంతా అలా వదిలేశాడు. ఆ నూనె ఎక్కువైతే వాషరు దాటి లోపలికి పోతుంది, మిషను పాడవుతుంది. రబ్బరుకి కూడా ఆ నూనెలు పడవు, ఉబ్బిపోతుంది. అందుకే ఇంట్లో డబ్బాతో చిమ్మడం మహాపాపం అన్నాడు. మర్నాడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కాసేపు వేడి గాలి పట్టాడు, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంతే. వేడికి లోహం కొద్దిగా సాగుతుంది, గట్టిపడిన మురికి పట్టు సడలుతుంది. తరవాత రబ్బరు ముక్క వేసి బలమంతా పెట్టకుండా అటు కొంచెం, ఇటు కొంచెం ఊపాడు. తలుపు గడియ పట్టేసినప్పుడు మనం చేసేది ఇదే కదా.

"రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. వెనక మూత తెరిచి, లోపలి నుంచి కాడ కత్తిరించి, మిషను బయటికి తీసేసి, ఖాళీ పెట్టెని నూనెలో రోజుల తరబడి నానబెట్టాలట. అప్పుడూ రాకపోతే గొట్టంతో సహా తీసెయ్యడమే. కొత్త కాడ తేలికే. కానీ సరిగ్గా ఆ మరకి, ఆ గొట్టానికి సరిపోయే కీ పాత మోడలుకి దొరకడం కష్టం. దొరికినా అది వాళ్ళ నాన్న వేళ్ళు పట్టుకున్న కీ కాదు. ఈ చివరి మాట ఆయన అనలేదు, నేను అనుకున్నాను. కటింగ్ ప్లేయరుతో నేను ఇంకో పావు చుట్టు తిప్పి ఉంటే ఈ ఖర్చంతా ఆ ఆదివారమే ఖాయమయ్యేది. ఆ కాడ గుండుసూదంత సన్నం. మన మణికట్టు బలం దానికి ఏనుగు బలం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నారు పెద్దలు. గోటితో పోకపోయినా గొడ్డలి పట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయని నాకు తెలిసొచ్చింది.

పెద్దాయన వాచీని, రబ్బరు ముక్కని కుర్రాడి ముందు పెట్టాడు. "ఇంక నువ్వు తిప్పు బాబూ, వదులైంది" అన్నాడు. వాడు కొద్దిగా అదిమి తనవైపుకి తిప్పాడు. కిర్రుమని చిన్న చప్పుడు, ఇసకలో గవ్వ కదిలినట్టు. ఒక చుట్టు, రెండు, మూడు. కీ తనంతట తాను బయటికి లేచింది. మరల నిండా నల్లటి జిగురు. అది మస్కట్ చెమటో, సముద్రమో, ఎవరు చెప్పగలరు? పెద్దాయన దాన్ని పుల్లతో తీసి కాగితం మీద దులిపాడు. మేమిద్దరం ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నాం.

తరవాత వాషర్లు మార్చి, కొత్త రబ్బరుకి సిలికాన్ గ్రీజు పలచగా రాశాడు. వాషరు ఖరీదు కాఫీకి మించదు. వాచీలకయ్యే ఖర్చులో నేను చూసిన లాభసాటి పెట్టుబడి ఇదే. గాలి ఒత్తిడి పరీక్ష చేయించేదాకా నీళ్ళలో దింపవద్దని హెచ్చరించాడు. బిగించే పద్ధతి కూడా చూపించాడు. కీని లోపలికి నొక్కి, ముందు విప్పే వైపుకే మెల్లగా తిప్పాలి. ఒకచోట మర కొస జారి 'టిక్'మని కూర్చున్నట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు దిశ మార్చి బిగిస్తే మర వంకరగా పట్టదు. వేళ్ళకి బిగువు తగలగానే ఆపెయ్యాలి. నీళ్ళని ఆపేది రబ్బరు, మన బలం కాదు. ఈ 'వేలికి తెలియడం' అనే మాట వినగానే కిటికీ దగ్గర నిలబడ్డ మా నాన్నగారు కళ్ళముందు కనిపించారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. సముద్రంలోనో, ఈతకొలనులోనో దిగి వచ్చాక కీ బిగించి ఉందో లేదో చూసి, మంచినీళ్ళతో వాచీ కడిగి తుడవండి. నీళ్ళలో ఉండగా కీ ముట్టుకోవద్దు. తేదీ దిద్దేది రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 లోపు అయితే, ముందు ముళ్ళని తిప్పి ఆరు దగ్గరికి తెచ్చుకుని తరవాత తేదీ మార్చండి. ఆ వేళల్లో చాలా వాచీల్లో తేదీ మార్చే పళ్ళు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాడినా వాడకపోయినా నెలకోసారి కీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించండి. జీతాలు పడే రోజు పెట్టుకుంటే మరిచిపోరు.

మేము ఆ బంకు దగ్గర నిలబడే టైము దిద్దాం. కీ ఒక మెట్టు లాగి ఒకవైపు తిప్పితే తేదీ, రెండోవైపు తిప్పితే వారం. ఆ వాచీ గల్ఫ్‌లో కొన్నది కాబట్టి వారం పేర్లు ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి మార్చిమార్చి వస్తున్నాయి. ఆ రోజు శుక్రవారం. తమ్ముడికి మస్కట్‌లో శుక్రవారం సెలవు. ఏళ్ళ తరబడి వాడు ఇంటికి ఫోను చేసే రోజు అది. కిటికీలో ముందు ఇంగ్లీషు శుక్రవారం వచ్చింది. ఇంకొక్క గుటక తిప్పితే ఎర్రటి అరబ్బీ అక్షరాలు వచ్చాయి.

"ఏ భాషలో పెట్టమంటావు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"ఇలాగే ఉంచండి" అన్నాడు మావాడు.

మీ ఇంట్లో బీరువాల్లో కూడా ఇలాంటి వాచీ ఒకటి ఉండే ఉంటుంది. ఎవరిదో మీకు తెలుసు. ఈ ఆదివారం బయటికి తీయండి. డయలు పైకి పెట్టుకోండి, కీని కాస్త అదమండి, మీవైపుకి తిప్పండి. రాకపోతే ఆపెయ్యండి. కటింగ్ ప్లేయరు మాత్రం అటక మీదే ఉండనివ్వండి. మాది ఇప్పుడు అక్కడే ఉంది. నిచ్చెన వేసి పెట్టింది మా ఆవిడ.